పుర్రెలు కొలిచినవాళ్లు తెలియకే చేశారా?

మీ ప్రశ్న సారాంశం ఇది: మనుషుల్ని జాతులుగా విడగొట్టి, పుర్రెలూ ముక్కులూ కొలిచి, ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని తేల్చిన శాస్త్రవేత్తలు కావాలని మోసం చేశారా, లేక ఆ కాలానికి ఉన్న జ్ఞానం అంతేనా? ఇప్పుడు ఎవరూ నమ్మని ఆ పాత సంగతులు మళ్లీ తవ్వడం దేనికి? దేశాలవారీ ఐక్యూ పట్టిక ఒకటి కూడా ప్రస్తావించారు.

చాలా ఏళ్లుగా మానవశాస్త్ర చరిత్ర బోధిస్తున్నాను కాబట్టి నా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తాను. వాళ్లలో ఎక్కువమంది మోసగాళ్లు కారు. అలాగని తెలియక చేశారనడానికీ వీల్లేదు. తెలిసినవాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. అదే ఊళ్లో, ఒక్కోసారి అదే ప్రయోగశాలలో ఉండి, అచ్చువేయించి మరీ చెప్పారు. వాళ్ల మాట ఎవరూ చెవిన పెట్టలేదు. అందుకే "ఆ కాలం అలాంటిది" అనే సర్దుబాటు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

మొదలైన తీరు చూస్తే పెద్ద ప్రమాదంగా అనిపించదు. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1735లో మొక్కల్నీ జంతువుల్నీ వర్గీకరించినట్టే మనుషుల్నీ నాలుగు రకాలుగా విడదీశాడు. అప్పటికి అది ఖండాలూ ఒంటిరంగులూ ఉన్న చిన్న పట్టిక. 1758 నాటి పదో కూర్పుకు వచ్చేసరికి అందులో స్వభావాలు కూడా చేరాయి. యూరప్ వాళ్లు చట్టాన్ని బట్టి నడుచుకుంటారట, ఆఫ్రికా వాళ్లు తోచినట్టు నడుచుకుంటారట. లినేయస్ ఆఫ్రికాలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఆ తర్వాత జర్మనీలో యోహాన్ బ్లూమెన్‌బాఖ్ 1795లో ఐదు రకాలన్నాడు. తెల్లవాళ్లకు కాకేసియన్ అనే పేరు ఎంచుకుని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. కాకసస్ ప్రాంతంలోని జార్జియాకు చెందిన ఒక స్త్రీ పుర్రె ఆయన సేకరణలో అన్నిటికన్నా అందంగా కనిపించడం అందుకు ఒక ముఖ్య కారణం. నిజానికి బ్లూమెన్‌బాఖ్ మంచివాడు. మనుషులంతా ఒకే జీవజాతి అనీ, ఒక రకం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేమనీ రాశాడు. ఆఫ్రికా మూలాలున్న రచయితల పుస్తకాలు ప్రత్యేకంగా సేకరించాడు. లోకం మాత్రం ఆయన గీతలు తీసుకుని, గీయలేమన్న మాట వదిలేసింది.

అసలు కొలతల కథ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఊపందుకుంది. అక్కడి వైద్యుడు శామ్యూల్ జార్జ్ మోర్టన్ ప్రపంచం నలుమూలల నుంచి పుర్రెలు తెప్పించుకునేవాడు. సమాధులు తవ్వి తెచ్చినవి, యుద్ధభూముల్లో ఏరినవి, ఆస్పత్రుల్లో దిక్కులేకుండా పోయినవాళ్లవి. ఎవరి అనుమతీ అడిగింది లేదు. పుర్రె లోపల గింజలు పోసి, వాటిని కొలపాత్రలోకి ఒంపి, మెదడు పట్టే చోటు ఎన్ని ఘనపుటంగుళాలో లెక్కగట్టేవాడు. గింజలు ఒక్కోసారి ఒక్కోలా సర్దుకుని లెక్కలో తేడా వస్తోందని గమనించి సీసపు గుళ్లకు మారాడు. అంత జాగ్రత్తపరుడు. 1839లో అచ్చయిన 'క్రేనియా అమెరికానా'లో సగటులు వేసి తెల్లవాళ్లు పైన, అమెరికా మూలవాసులు మధ్యలో, ఆఫ్రికా వాళ్లు అట్టడుగున అని వరుస పెట్టాడు.

దాదాపు నూట నలభై ఏళ్ల తర్వాత అమెరికా శిలాజశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ ఆ పట్టికలు తిరగేసి, మోర్టన్ తనకు తెలియకుండానే లెక్కలు తనకు కావలసిన వైపు వంచాడని వాదించాడు. 2011లో మరో బృందం అవే పుర్రెల్లో కొన్నిటిని మళ్లీ కొలిచి, మోర్టన్ కొలతలు చాలావరకు సరైనవేనని చెప్పింది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. కొలత సరైనదైతే ఆయన చెప్పిందీ సరైనదేనా అని నన్ను ఎంతోమంది విద్యార్థులు అడిగారు.

దానికి జవాబు హైడెల్‌బర్గ్‌లో ఉంది. మోర్టన్ పుస్తకానికి మూడేళ్ల ముందే, 1836లో, అక్కడి శరీరశాస్త్ర ఆచార్యుడు ఫ్రీడ్రిష్ టీడెమాన్ ఇదే పని చేసి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. ఆయనా పుర్రెల్లో గింజలే పోశాడు. కాకపోతే సగటు దగ్గర ఆగిపోకుండా ప్రతి సమూహంలోనూ అతి చిన్న పుర్రె ఎంత, అతి పెద్దది ఎంత అని చూశాడు. ఆ హద్దులు అన్ని సమూహాల్లోనూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జాతిని బట్టి మెదడులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చి, బానిసత్వానికి ఈ వాదన ఆధారం కాలేదని అన్నాడు. ఇద్దరి పుర్రెలూ చెప్పిన సంగతి ఇంచుమించు ఒకటే. ఒకరు సగటులు తీసి నిచ్చెన కట్టారు, మరొకరు హద్దులు చూసి నిచ్చెన లేదన్నారు. పైగా మనిషి ఒడ్డూ పొడుగూ పెరిగితే పుర్రె కూడా పెద్దదవుతుంది. మగవాళ్ల పుర్రెలు సగటున పెద్దవిగా ఉంటాయి. మోర్టన్ తన సగటుల్లో వీటిని సర్దుబాటు చేయలేదు.

1851లో మోర్టన్ చనిపోయినప్పుడు, బానిసలతో పత్తి పండించే దక్షిణ రాష్ట్రాల్లో ఒకటైన సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ వైద్య పత్రిక ఆయన తమకు మహోపకారం చేశాడని రాసింది. నల్లవాళ్లు తక్కువజాతి అనే 'నిజమైన స్థానం' వాళ్లకు చూపించినందుకట. ఏ నిచ్చెన ఎవరికి అవసరమైందో ఇంతకంటే విప్పి చెప్పనక్కర్లేదు. అదే ఏడాది శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు బానిసలు పారిపోవడం ఒక మానసిక వ్యాధి అని, దానికి డ్రాపెటోమేనియా అని పేరు కూడా పెట్టాడు. ఈ కార్ట్‌రైట్‌ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఎదురు చెప్పినవాళ్లు తెల్ల ఆచార్యులు మాత్రమే అనుకోకండి. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1854లో ఒహాయోలోని ఒక కళాశాలలో మోర్టన్ శిష్యుల వాదనల్ని ఒక్కొక్కటిగా ఎండగట్టాడు. హైతీ దేశస్థుడు ఆంటెనోర్ ఫిర్మాన్ పారిస్ మానవశాస్త్ర సంఘంలో సభ్యుడై, ఆ సంఘంలో జరుగుతున్న పుర్రెల చర్చలు స్వయంగా విని, 1885లో జాతుల సమానత్వం మీద ఆరువందల పేజీలకు పైబడిన గ్రంథం రాశాడు. అప్పట్లో దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లిష్‌లోకి రావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

బ్రిటిష్ ఇండియాలో ఈ పని ముక్కుల మీద జరిగింది. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ, ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ కులం హోదా తగ్గుతుందని సూత్రం కట్టాడు. జనగణనలో కులాలను హోదా వరుసలో పేర్చడంతో, మా స్థానం పైకి మార్చండంటూ కుల సంఘాల నుంచి అర్జీలు వెల్లువెత్తాయి. 1932లో సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే ఆ ముక్కు సూత్రం ఉత్తరాదిలో కొంత ప్రాంతం దాటితే నిలబడదని చూపాడు. అప్పటికి జనగణన వరుసలు కాగితం మీద నుంచి జనం మనసుల్లోకి దిగిపోయాయి.

ఇక శాస్త్రం మాటకు చట్టం ఎంత విలువ ఇచ్చిందో చూద్దాం. నేను క్లాసులో ఎప్పుడూ ఎక్కువసేపు ఆగేది ఈ రెండు కేసుల దగ్గరే. అప్పట్లో అమెరికా పౌరసత్వ చట్టం ప్రకారం బయటినుంచి వచ్చినవాళ్లు పౌరులు కావాలంటే 'తెల్లవాళ్లు' గానీ, ఆఫ్రికా సంతతివాళ్లు గానీ అయ్యుండాలి. జపాన్‌లో పుట్టి యువకుడిగా వచ్చి, అక్కడే చదువుకున్న టకావో ఓజావా, నా ఒంటిరంగు చాలామంది తెల్లవాళ్లకన్నా తెలుపు కదా అని వాదించాడు. 1922 నవంబర్‌లో సుప్రీంకోర్టు కాదంది. తెల్లవాడంటే రంగు లెక్క కాదు, కాకేసియన్ జాతివాడు అని అర్థం అంది. మూడు నెలల తర్వాత అదే కోర్టు ముందు భగత్ సింగ్ థింద్ నిలబడ్డాడు. పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. మీ శాస్త్రవేత్తల పుస్తకాల ప్రకారమే ఉత్తర భారతీయులు కాకేసియన్లు, కాబట్టి నేను అర్హుణ్నే అన్నాడు. మొన్నటి తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండే ఈసారీ రాశాడు. శాస్త్రవేత్తల మాట ఇక్కడ చెల్లదు, మామూలు తెల్లవాడు ఎవరిని తెల్లవాడు అనుకుంటాడో అదే లెక్క అన్నాడు. ఆ తీర్పుతో అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు కొందరు దాన్ని కోల్పోయారు.

మూడు నెలల్లో శాస్త్రం అక్కరకొచ్చింది, అక్కర్లేకుండానూ పోయింది. తీర్పు ముందే రాసిపెట్టుకుని పిలిపించిన సాక్షి లాంటిది ఈ జాతి శాస్త్రం. అనుకూలంగా చెబితే వాంగ్మూలం రికార్డుకెక్కుతుంది, ఎదురు తిరిగితే సాక్షిని బయటికి పంపేస్తారు.

తెలివితేటల పరీక్షల్లోనూ ఇదే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సుమారు 17 లక్షల మందికి పరీక్షలు పెట్టింది. పుట్టుకతో వచ్చిన బుద్ధిని కొలుస్తున్నామన్నారు. అందులో ఒక ప్రశ్న: క్రిస్కో అంటే ఏమిటి? మందా, క్రిమిసంహారకమా, టూత్‌పేస్టా, తినే పదార్థమా? క్రిస్కో ఆనాటి అమెరికా దుకాణాల్లో అమ్మే వంటకొవ్వు. ఇటలీ పల్లె నుంచి రెండేళ్ల కిందట ఓడ దిగిన కుర్రాడికి అది తెలియకపోతే మందబుద్ధి కింద లెక్క. కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త ఈ మార్కుల్ని 1923లో పుస్తకంగా వేశాడు. అమెరికాలో ఎక్కువ ఏళ్లు ఉన్న వలసదారులకు ఎక్కువ మార్కులు వచ్చాయని ఆయన పట్టికలే చెబుతున్నాయి. భాషా, ఊరూ అలవాటవడం వల్ల అని ఎవరికైనా తోస్తుంది. ఆయన మాత్రం, ఇటీవల వస్తున్నవాళ్ల జాతి నాసిరకం కాబట్టే అన్నాడు. మరుసటి ఏడాది, 1924లో, దక్షిణ, తూర్పు యూరప్ వాళ్లను కట్టడి చేసేలా వలస కోటాలు వచ్చాయి. ఆసియా వాళ్లకు తలుపులు దాదాపు పూర్తిగా మూసేశారు. 1930లో బ్రిగమ్ తన నిర్ధారణలకు పునాది లేదని స్వయంగా ఒప్పుకున్నాడు. కోటా పద్ధతి మాత్రం 1965 దాకా కొనసాగింది. ఈ మధ్యలో, 1939లో, 900 మందికి పైగా యూదు శరణార్థులతో వచ్చిన సెయింట్ లూయిస్ అనే ఓడ అమెరికా తీరం దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. అందులో 254 మంది నాజీల మారణకాండలో చనిపోయారు.

ఈ కంచె 'ఇతర జాతుల' దగ్గర ఆగుతుందని అనుకుంటే పొరపాటు. చార్లెస్ డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో పేరు పెట్టిన యూజెనిక్స్, అంటే 'మేలైన' సంతానాన్ని పెంచి 'నాసిరకం' సంతానాన్ని ఆపాలన్న ఆలోచన, ముందుగా కాటేసింది పేద తెల్లవాళ్లనే. వర్జీనియాలో క్యారీ బక్ అనే పేదింటి అమ్మాయి, పెంచుకుంటున్న కుటుంబం తాలూకు మనిషి అత్యాచారం చేయడంతో గర్భవతి అయింది. మందబుద్ధి అని ముద్రవేసి ఆమెను ఒక సంస్థలో పెట్టారు. ఏడు నెలలైనా నిండని ఆమె బిడ్డను చూసి ఒక సోషల్ వర్కర్, ఈ బిడ్డలో ఏదో తేడా ఉందని సాక్ష్యం చెప్పింది. 1927లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా తీర్పిచ్చి క్యారీకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికి ఒప్పుకుంది. ఆ బిడ్డ వివియన్ తర్వాత బడికి వెళ్లింది, మంచి మార్కులతో గౌరవ జాబితాకెక్కింది, ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది. అమెరికా మొత్తం మీద 60 వేలకు పైగా మనుషులకు ఇలాంటి ఆపరేషన్లు జరిగాయి.

జర్మనీలో 1933లో వచ్చిన ఇలాంటి చట్టం కింద నాలుగు లక్షల మంది దాకా మనుషులకు బలవంతంగా ఈ ఆపరేషన్లు చేశారు. నాజీలు ఆ చట్టం రాసేటప్పుడు అమెరికా నమూనా చట్టాన్ని ముందు పెట్టుకున్నారు. ఆ తర్వాత జరిగిన హత్యాకాండ అందరికీ తెలుసు కాబట్టి విస్తరించను. దానికి ముందున్న ఒక సంగతి చెప్పాలి. బెర్లిన్‌లో కైజర్ విల్‌హెల్మ్ మానవశాస్త్ర సంస్థ అధిపతి ఓయ్‌గెన్ ఫిషర్. 1908లో ఇప్పటి నమీబియాకు వెళ్లి మిశ్రమ సంతతి కుటుంబాలను కొలిచి పేరు తెచ్చుకున్నాడు. అక్కడ జర్మన్ సైన్యం హెరెరో, నామా ప్రజలను ఊచకోత కోసింది అంతకు కొంచెం ముందే. ఆ శిబిరాల్లో చనిపోయినవాళ్ల పుర్రెలు బెర్లిన్‌కు చేరాయి. వాటిలో కొన్నిటిని 2011లో మొదలుపెట్టి నమీబియాకు తిరిగి ఇచ్చారు.

1920ల చివర్లో ఫిషర్ దగ్గర పరిశోధనకు ఇరావతీ కార్వే చేరింది. తర్వాత మహాభారత పాత్రల మీద 'యుగాంత' రాసిన కార్వేనే. తెల్లవాళ్ల పుర్రె కుడిఎడమల్లో సమంగా ఉండదని, అది వాళ్ల తెలివికి గుర్తు అని ఫిషర్ ఊహ. దాన్ని రుజువు చేయమని ఆమెకు పని అప్పగించాడు. ఆమె 149 పుర్రెలు కొలిచింది. ఆ ఎగుడుదిగుడుకూ జాతికీ సంబంధమే లేదని రాసింది. గైడు చేతిలో డిగ్రీ, చుట్టూ పరాయి దేశం, పరాయి భాష. ఒక్క వాక్యం అటూఇటూ చేస్తే అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆమె చేయలేదు, తక్కువ గ్రేడుతో పట్టా తీసుకుని వచ్చేసింది. అప్పట్లో అందరూ అలాగే నమ్మేవారు అని ఎవరైనా అంటే నేను ముందుగా ఈ సంగతే చెబుతాను. అదే సంస్థ, అవే పుర్రెలు, అదే కాలం. 1933లో ఫిషర్ బెర్లిన్ విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యాడు. ఆయన తర్వాత సంస్థకు వచ్చిన ఓట్మార్ ఫాన్ ఫెర్షూయర్‌కు ఔష్విట్స్ మారణ శిబిరం నుంచి అక్కడి వైద్యుడు జోసెఫ్ మెంగెలె శరీర భాగాల నమూనాలు పంపేవాడు. యుద్ధం ముగిశాక ఫెర్షూయర్‌కు చిన్న జరిమానా తప్ప శిక్ష పడలేదు. 1951లో మ్యూన్‌స్టర్‌లో జన్యుశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

రువాండా గురించి ఒక్క మాట. అక్కడి రెండు ప్రధాన సమూహాలు హుటూలు, టుట్సీలు. టుట్సీల వంటి పాలక సమూహాలు ఉత్తరం నుంచి వచ్చిన ఉన్నత జాతి అనే సిద్ధాంతాన్ని 1863లో బ్రిటిష్ అన్వేషకుడు జాన్ స్పీక్ రాశాడు. బెల్జియం పాలకులు దాన్ని నమ్మి 1930ల్లో ప్రతి మనిషి చేతిలో హుటూ, టుట్సీ అని ముద్రవేసిన గుర్తింపు కార్డు పెట్టారు. 1994లో టుట్సీల ఊచకోత జరిగినప్పుడు రోడ్ల మీద అడ్డుకట్టలు వేసి అడిగింది ఆ ముద్ర ఉన్న కార్డునే. సుమారు ఎనిమిది లక్షల మంది చనిపోయారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 1950లో యునెస్కో జాతి మీద ప్రకటన చేసింది, పాఠ్యపుస్తకాలు మారాయి. పరికరాలూ ఫార్ములాలూ మాత్రం అంత తొందరగా మారలేదు. గుర్తుపెట్టుకోమన్న కార్ట్‌రైట్, నల్లవాళ్ల ఊపిరితిత్తుల సామర్థ్యం 20 శాతం తక్కువ అని రాశాడు. ఊపిరి కొలిచే స్పైరోమీటర్ యంత్రాల్లో నల్లవాళ్లకు 10 నుంచి 15 శాతం తగ్గించి లెక్కగట్టే 'సవరణ' మొన్నమొన్నటి దాకా ఉంది. దాని వల్ల జబ్బు ఉన్నా నార్మల్ అని రిపోర్టు రావచ్చు. ఊపిరితిత్తుల వైద్యుల సంఘమైన అమెరికన్ థొరాసిక్ సొసైటీ దాన్ని వదిలేయమని చెప్పింది 2023లో.

కిడ్నీల విషయం ఇంకా సూటిగా అర్థమవుతుంది. రక్తంలో క్రియాటినిన్‌ని (కండరాల నుంచి వచ్చే వ్యర్థ పదార్థాన్ని) బట్టి కిడ్నీ ఎంత పనిచేస్తోందో అంచనా వేసే ఫార్ములా ఉంది. రోగి నల్లజాతివాడైతే వచ్చిన అంకెను 16 నుంచి 21 శాతం దాకా పెంచేవాళ్లు. నల్లవాళ్లకు కండ ఎక్కువ ఉంటుందన్న ఊహ దీని వెనుక ఉంది. అమెరికాలో డయాలిసిస్ మొదలుకాని రోగికి ఈ అంకె 20 లేదా అంతకన్నా తగ్గితేనే కిడ్నీ మార్పిడి కోసం నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. ఒకే వయసు, ఒకే రక్త పరీక్ష ఉన్న ఇద్దరిలో ఒకరికి 18 వచ్చి పేరు ఎక్కేది. మరొకరికి అదే అంకె 21 దగ్గరకు చేరి, ఇంకా టైముంది అని ఇంటికి పంపేసేవాళ్లు. 2021లో నిపుణుల సంఘం ఈ సవరణ తీసేయమంది. 2023లో, ఇలా నష్టపోయిన నల్లజాతి రోగులను వెతికి, పోయిన నిరీక్షణ కాలాన్ని తిరిగి కలపమని మార్పిడి కేంద్రాలకు ఆదేశాలు వెళ్లాయి. ఆ ఫార్ములా వాడిన డాక్టర్లలో జాతి ద్వేషులు ఎంతమంది ఉంటారు? చాలా తక్కువ. కంప్యూటర్ ఇచ్చిన అంకె చూసి మందు రాశారు, అంతే.

మరి మనుషుల మధ్య జన్యు తేడాలే లేవా అని అడుగుతారు. ఉన్నాయి. డీఎన్ఏ చూసి మీ పూర్వీకులు ఏ ప్రాంతం వాళ్లో చాలావరకు చెప్పొచ్చు. అయితే 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ చూపినట్టు, మనుషుల్లో ఉన్న వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంటుంది. జాతులనుకునేవాటి మధ్య ఉండేది 6 శాతం చిల్లర. వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు సికిల్ సెల్‌ను నల్లవాళ్ల జబ్బు అంటారు. అది మలేరియా బాగా ఉన్న చోట్ల పెరిగిన జన్యువు. పశ్చిమాఫ్రికాలో ఉంది, గ్రీస్‌లో, అరేబియాలో, భారత్‌లో ఉంది. దక్షిణాఫ్రికాలోని ఖోసా ప్రజల్లో దాదాపు లేదు. ఒంటిరంగు చూసి వైద్యం చేస్తే గ్రీకు రోగిలో జబ్బు పట్టుకోలేం.

చివరగా, మీరు ప్రస్తావించిన దేశాలవారీ ఐక్యూ పట్టిక గురించి. ఇలాంటివాటికి మూలమైన 2002 నాటి పుస్తకంలో 185 దేశాలకు అంకెలు ఇచ్చారు. పరీక్షల సమాచారం ఉన్నది 81 దేశాలకే. మిగిలిన 104 దేశాలకు పొరుగు దేశాల అంకెల్ని బట్టి అంచనా వేసి పెట్టారు. ఐక్యూ మార్కులు కాలంతో ఎంత మారతాయో జేమ్స్ ఫ్లిన్ 1980ల్లోనే చూపించాడు. నెదర్లాండ్స్ సైన్యంలో చేరే కుర్రాళ్ల సగటు 1952 నుంచి 1982 మధ్య సుమారు 20 పాయింట్లు పెరిగింది. ముప్పై ఏళ్లలో ఒక దేశం జన్యువులు మారిపోవు, బడులూ తిండీ బతుకూ మారతాయి. ఈసారి ఎవరైనా ఆ పట్టిక పంపితే, ఫలానా దేశంలో పరీక్ష ఎంతమందికి పెట్టారు, వాళ్ల వయసెంత, ఏ భాషలో పెట్టారు అని అడగండి. దానికి జవాబు లేకపోతే ఆ అంకె మీద వాదన పెట్టుకోవలసిన పని లేదు.